గడ్డికొండే కదా అనుకుంటే...

కొండదారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఈ శీర్షిక పక్కన కుద్రేముఖ్ కొండ ఫొటో ఒకటి వేశాం. కింది నుంచి పైదాకా పచ్చటి గడ్డి, దాని మీద సన్నటి కాలిదారి, పైన కాస్త మబ్బు. హిమాలయాల గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. "ఇంత నున్నగా ఉంది, మేమూ ఎక్కేయొచ్చా?" అన్నదే చాలామంది ప్రశ్న. అందుకని మిగతా కొండలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి ఒక్క కుద్రేముఖ్ గురించే రాస్తున్నాను.

మాది కర్నూలు. నాకు నలభై నాలుగు, మా తోడికోడలికి నలభై ఒకటి. రోజూ పొద్దున్నే కొండారెడ్డి బురుజు దాకా నడిచి వస్తాం. తిరుమల మెట్లు తప్ప ఇంతవరకు ఏ కొండా ఎక్కలేదు. మీ ఫొటో చూసి ఇద్దరికీ ఆశ పుట్టింది. ఇంట్లోవాళ్లేమో ట్రెక్కింగ్ అంటే తాళ్లు పట్టుకుని ఎక్కాలని భయపెడుతున్నారు. మేం వెళ్లగలమా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

తాళ్లూ గీళ్లూ ఏమీ అక్కర్లేదమ్మా. వెళ్లగలరు. కానీ వచ్చే ఆదివారమే కాదు, ఓ రెండు నెలలు ఆగి వెళ్లండి. ఎందుకో చెప్తాను.

కుద్రేముఖ్ కర్ణాటకలో, చిక్కమగళూరు జిల్లాలో ఉంది. ఎత్తు 1,894 మీటర్లు. ఒక వైపు నుంచి చూస్తే గుర్రం మొహంలా కనిపిస్తుందని ఆ పేరు. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కళస అనే చిన్న ఊళ్లో దిగుతారు. అక్కడి నుంచి సంసె మీదుగా ముల్లోడి వెళ్లాలి. చివరి కొన్ని కిలోమీటర్లు జీపులు తప్ప ఏవీ ఎక్కలేని రాళ్ల బాట. నన్నడిగితే కొండ కంటే ఆ జీపు ప్రయాణానికే నడుము ఎక్కువ నొప్పెడుతుంది. నడక ముల్లోడిలో మొదలవుతుంది.

మీకు తిరుమల తెలుసు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం దాదాపు 9 కిలోమీటర్లు. ముల్లోడి నుంచి కుద్రేముఖ్ శిఖరానికి కూడా ఇంచుమించు అంతే దూరం. తేడా ఏమిటంటే, తిరుమలలో పైకెక్కాక దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. ఇక్కడ కొండ మీద బస్టాండు లేదు. ఎక్కినంత దూరమూ మళ్లీ నడిచే రావాలి. అలిపిరి దారికి చాలావరకు పైకప్పు ఉంటుంది. దప్పికైతే నీళ్లు, ఆకలైతే ఏదో ఒక అంగడి. ఇక్కడ చెట్ల నీడ మొదట్లో కొంత, మధ్యమధ్యలో కొంత, అంతే. మిగతాదంతా ఆకాశం కిందే. రానూపోనూ ఏడెనిమిది గంటలు పడుతుంది, మెల్లగా నడిచేవాళ్లకు ఇంకా ఎక్కువ.

గడ్డికొండ మోసం చేసేది ఇక్కడే. అడవి దారిలో ముందేముందో కనిపించదు కాబట్టి మనసు దేనికైనా సిద్ధంగా ఉంటుంది. గడ్డికొండలో అంతా ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో చెట్టో ఇల్లో ఉంటే దూరం అంచనా దొరుకుతుంది, అవేమీ లేకపోవడంతో కొండ దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. "అదిగో, ఆ గుట్ట ఎక్కితే అయిపోయింది" అనుకుంటూ ఆ గుట్ట ఎక్కుతారు. దాని వెనక ఇంకో గుట్ట ఉంటుంది. అది ఎక్కితే మరొకటి. మొదటిసారి వచ్చినవాళ్లు నీరసపడేది ఎత్తు వల్ల కాదు, ఈ విసుగు వల్లే. అందుకే నాతో వచ్చేవాళ్లకు ముందే చెప్పేస్తాను: శిఖరం ఎక్కడుందో అడగొద్దు, కబుర్లు చెప్పుకుంటూ నడవండి అని.

దారిలో ఒంటిమర అని ఒక చోటు వస్తుంది. చుట్టూ గడ్డి, మధ్యలో ఒకే ఒక్క చెట్టు. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. అక్కడికే కాళ్లు లాగుతుంటే నిజాయితీగా వెనక్కి తిరగండి. అక్కడి నుంచి కనిపించే లోయ కూడా చూడదగ్గదే. ముందుకు వెళ్లేవాళ్లకు ఏటవాలు ఎక్కువవుతుంది. శిఖరానికి కాస్త ముందు చెట్ల గుంపులోంచి, తడిరాళ్ల మీదుగా వెళ్లే ముక్క ఒకటి ఉంది. చేతులు వాడాల్సి వస్తే అక్కడే, అదీ కాసేపే.

ఈ రెండు నెలలూ ఏం చేయాలంటే, బురుజు దాకా నడవడం మానొద్దు గానీ దాన్ని కొండ సాధన కింద లెక్కేయకండి. చదునైన రోడ్డు మీద ఎంత నడిచినా తొడ కండరాలకు దిగుడు అలవాటు కాదు. సెలవురోజు గుత్తి కోట ఎక్కి దిగండి. ఇంకో వారం ఎగువ అహోబిలం వెళ్లి ఉగ్రస్తంభం దాకా వెళ్లి రండి. అదైతే కుద్రేముఖ్ కంటే కష్టమైన రాళ్ల దారి. శ్రీవారి మెట్టు మీదుగా తిరుమల ఎక్కితే, దిగేటప్పుడు కూడా నడిచే దిగండి. మర్నాడు మంచం మీంచి లేచేటప్పుడు ఏ కండరం అరుస్తోందో గమనించండి. కుద్రేముఖ్‌లో పని పడేది ఆ కండరంతోనే.

ఆ రోజు ఆరున్నర, ఏడుకల్లా నడక మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ముందే మాట అనుకోండి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా ఆ మాట తప్పొద్దు. ఇద్దరూ కలిసి వెళ్తున్నారు కాబట్టి ఈ మాట ఎవరు గుర్తుచేయాలో కూడా బయల్దేరే ముందే తేల్చుకోండి. తోడికోడళ్ల మధ్య కొండ మీద తగువెందుకు!

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? వానాకాలంలో జలగలు పట్టుకుంటాయంటున్నారు. నాకు జలగ అంటేనే ఒళ్లు జలదరిస్తుంది.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జలగలంటే అంత భయమైతే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు లోపు వెళ్లండి. వానలు తగ్గుతాయి, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది, దూరాలు కనిపిస్తాయి. జనవరి నుంచి గడ్డి బంగారు రంగుకు తిరుగుతుంది. అదీ అందమే. వేసవి వస్తే ఎండుగడ్డికి నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి అటవీశాఖ సాధారణంగా దారి మూసేస్తుంది. ఆ నెలల్లో టికెట్ల కోసం ఎవరినీ బతిమాలకండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలైన వానాకాలం. ఈ కొండల్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మా కర్నూల్లో ఆరేడు వందలు పడితే మంచి ఏడాది అంటాం. ఫొటోల్లో కనిపించే ఆ లేత పచ్చదనమంతా ఈ నెలలదే. జలగలదీ ఇదే కాలం. అవి మన చెరువు జలగల్లాంటివి కావు. అగ్గిపుల్లంత సన్నగా, ఆకుల మీద, గడ్డి మొదళ్లలో నిలబడి ఉంటాయి. నొప్పి తెలియదు. మేజోడు తడిగా అనిపించి చూస్తే రక్తం. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ప్రాణానికి ఏమీ కాదు. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. కళసలో ఉప్పు, సున్నం, నశ్యం మూడూ దొరుకుతాయి, అక్కడివాళ్లు వాడేవీ ఇవే. పట్టుకున్నదాన్ని లాగి పీకొద్దు. గోరుతో మూతి దగ్గర పక్కకు నెడితే ఊడిపోతుంది. తర్వాత కాసేపు రక్తం కారుతూనే ఉంటుంది, గడ్డకట్టకుండా అది ఏదో పదార్థం వదులుతుంది కాబట్టి. సబ్బుతో కడిగి గుడ్డ కట్టండి. షుగరు ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ వానాకాలం ఈ దారి పట్టకపోవడమే మంచిది.

ఎక్కడం నాకు కష్టం కాదు. దిగేటప్పుడే మోకాళ్లు వణుకుతాయి. గడ్డి మీద జారిపడతానేమోనని టెన్షన్. నా వయసు యాభై ఎనిమిది.
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

మీకూ నాకూ ఒకే జబ్బు. నా కుడి మోకాలు ఎక్కేటప్పుడు నోరు మూసుకుని ఉంటుంది, దిగేటప్పుడు మొదలుపెడుతుంది.

గడ్డికొండలో దెబ్బలు తగిలేది ఎక్కువగా దిగుడులోనే. మూడు గంటల తర్వాత, శిఖరం చూసిన సంతోషంలో, ఫోన్లో ఫొటోలు చూసుకుంటూ దిగేటప్పుడు. తడిగడ్డి సంగతి సరే, ఎండుగడ్డి కూడా తక్కువదేం కాదు. జనవరిలో వంగి పడుకున్న గడ్డి పోచలు కొండవాలుకు కిందివైపే దువ్వినట్టు ఉంటాయి. వాటి మీద బూటు పెడితే అలాగే జారుతుంది. అందుకని పడుకున్న గడ్డి మీద అడుగు వేయకండి. మట్టి కనిపించే చోట, లేదా గడ్డి దుబ్బు మొదట్లో, కొండవైపు పాదం ఆనించండి. చిన్న చిన్న అడుగులు. మోకాలు కర్రలా బిగించకుండా కొంచెం వంచి ఉంచండి. బాగా ఏటవాలుగా ఉంటే నేరుగా దిగొద్దు, పాదాలు అడ్డంగా పెట్టి కొద్దికొద్దిగా దిగండి. భయంతో వెనక్కి వాలతాం చూశారూ, పడేది అందుకే. బరువు పాదాల మీదే ఉండాలి.

రెండు చేతికర్రలు తీసుకోండి. ఖరీదైనవి అక్కర్లేదు. మోకాళ్ల మీద పడే బరువులో కొంత చేతులు పంచుకుంటాయి. బూట్ల అడుగున లోతైన గాళ్లు ఉండాలి. ఉదయం వాకింగ్‌కు వేసుకుని అరగదీసిన స్పోర్ట్స్ షూ పనికిరావు. అలాగని కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి, బొబ్బలెక్కుతాయి. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి, లేకపోతే దిగుడులో బొటనవేలు బూటుకు కొట్టుకుని నల్లబడుతుంది. మాకు దారి చూపించినాయన హవాయి చెప్పులతో ఎక్కి దిగాడు, అదీ నాకంటే ముందు. ఆయన పుట్టింది అక్కడ. మనం చూసి ఆనందించాలి, అంతే.

పొగమంచులో దారి తప్పితే ఏం చేయాలి? ఫోన్లో మ్యాప్ ఉంటుంది కదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఫోన్ ఉంటుంది, సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. గైడ్ లేకుండా వెళ్లకండి.

అడవిలో దారి ఒక్కటే ఉంటుంది, రెండు పక్కలా చెట్లు. గడ్డిలో అడవిదున్నలు, కణుజులు నడిచిన దారులన్నీ మనిషి దారిలాగే కనిపిస్తాయి. మబ్బు దిగిందంటే పది గజాల అవతల ఉన్న మనిషి కనపడడు. అప్పుడు చేయాల్సిన పని, ఉన్నచోటే కూర్చోవడం. స్వెటరు, రెయిన్‌కోటు వేసుకుని, ఏదైనా తింటూ ఆగండి. ఇక్కడ మబ్బు వచ్చినంత వేగంగా పోవడం కూడా మామూలే. నీళ్ల చప్పుడు వినిపించే వైపు దిగితే ఊరొస్తుందని కొందరనుకుంటారు. ఇక్కడ నీళ్ల వైపు వెళ్తే ఇరుకు లోయ, దట్టమైన చెట్లు, జారుడు బండలు వస్తాయి. పడమటి వైపు మరీ ప్రమాదం. అటు కొండ నిట్టనిలువుగా మంగళూరు వైపు మైదానంలోకి దిగిపోతుంది. మబ్బులేని రోజు అంచు నుంచి దూరంగా అరేబియా సముద్రం మెరుస్తుందంటారు. ఆ అంచు మబ్బులో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఉరుము వినిపిస్తే మాత్రం కూర్చోవద్దు, శిఖరం మీంచి, గట్టు మీంచి వెంటనే కిందికి దిగండి. ఇందాక ఒంటిమర గురించి చెప్పాను కదా, పిడుగుల వేళ ఆ చెట్టు కిందికి మాత్రం చేరకండి.

అంత వాన పడే చోట చెట్లెందుకు లేవు? ఎవరో నరికేసి ఉంటారు. అటవీశాఖ ఆ ఖాళీ కొండల మీద మొక్కలు నాటొచ్చు కదా?
- ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

మాస్టారూ, జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని ఈ ప్రశ్న అడిగారు. కాస్త ఓపిక పట్టాలి మరి.

మొదట, అవి ఖాళీ కొండలు కావు. బోడిగుండులా కనిపిస్తున్నాయని మనం ఖాళీ అంటున్నాం. ఒక్క మీటరు చోట మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఎన్ని రకాల గడ్డి, ఎన్ని చిన్న పూలు, పురుగులు తినే డ్రోసెరా మొక్కలు కూడా కనిపిస్తాయో. నేను పాఠం చెప్పే రోజుల్లో డ్రోసెరాను బోర్డు మీద బొమ్మగా గీసేదాన్ని.

ఇక చెట్ల సంగతి. కొండ మడతల్లోకి చూడండి. నీరు దిగే ప్రతి మడతలోనూ ముదురాకుపచ్చ చెట్ల గుంపు ఉంటుంది. వాటిని షోలా అడవులంటారు. పొట్టి చెట్లు, ఒకదానికొకటి ఆనుకుని, పైభాగం గొడుగుల్లా కలిసిపోయి ఉంటాయి. మడతల్లో మట్టి లోతుగా ఉంటుంది, గాలి తగలదు, తేమ నిలుస్తుంది. గట్ల మీద పలుచటి మట్టి, దాని కింద రాయి, పైన గాలి. వాన అంత పడినా అదంతా నాలుగైదు నెలల్లోనే. తర్వాత నెలల తరబడి ఎండ. మధ్యమధ్యలో నిప్పు. ఇవన్నీ తట్టుకునేది గడ్డి. దాని ప్రాణం నేల కింద ఉంటుంది. పైనంతా కాలిపోయినా వేరు నుంచి మళ్లీ లేస్తుంది. చెట్టు పిలక ఒకసారి కాలితే అంతే.

మనుషులు నరికేశారన్న అనుమానం మీ ఒక్కరిదే కాదు, శాస్త్రవేత్తలూ చాలాకాలం వాదించుకున్నారు. నిప్పు, పశువుల మేత గడ్డిని కొంత విస్తరింపజేశాయన్నది నిజం కావచ్చు. కానీ నీలగిరిలో ఇలాంటి కొండల మధ్య బురదనేలల్లో పేరుకున్న పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) పొరలను పరిశీలించినప్పుడు, 20 వేల ఏళ్ల నాటికే అక్కడ గడ్డి మైదానాలు ఉన్నాయని తేలింది. అప్పటికి గొడ్డలి పట్టినవాడు ఎవరు?

మొక్కలు నాటమన్నారు. ఆ పని నీలగిరిలో బ్రిటిష్ వాళ్లు మొదలుపెట్టారు, స్వతంత్రం వచ్చాకా సాగింది. గడ్డి మీద యూకలిప్టస్, వాటిల్ చెట్లు వేశారు. ఇప్పుడు వాటిల్ ఎవరూ నాటకుండానే గడ్డిని మింగుతూ పోతోంది, దాన్ని పీకించడానికి అటవీశాఖే తంటాలు పడుతోంది. చెట్టు అంటే మంచి, గడ్డి అంటే వృథా అని మనం పిల్లలకు నేర్పుతున్నాం. ఈ ఒక్క పాఠం మార్చి చెప్పండి మాస్టారూ.

ఈ గడ్డితో మనకేం పని అనుకోకండి, మనం తాగే నీళ్లు అక్కడివే. కుద్రేముఖ్ జాతీయ వనంలోనే గంగామూల అనే చోట తుంగ, భద్ర, నేత్రావతి మూడు నదులూ పుడతాయి. నేత్రావతి పడమటికి వెళ్లి మంగళూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తుంగ, భద్ర శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలిసి తుంగభద్ర అవుతాయి. అక్కడి నుంచి హంపి, మంత్రాలయం, సుంకేసుల, కర్నూలు, ఆపైన సంగమేశ్వరం దగ్గర కృష్ణ. మీ ఉమ్మడి పాలమూరు జిల్లాకు దక్షిణపు అంచు ఆ నదే కదా. వాన పడినప్పుడు గడ్డి వేళ్లు, షోలాల కింది మెత్తటి మట్టి తడిసిన గోనెపట్టాలా నీటిని పట్టి ఉంచుతాయి. వానలు ఆగిన నెలల తర్వాత కూడా మీరు ఆ దారిలో వాగులు దాటుతారంటే కారణం అదే.

ఈ కొండల్లోనే ఇనుప ఖనిజం తవ్వారు. 1976లో కేంద్ర ప్రభుత్వ సంస్థగా కుద్రేముఖ్ ఐరన్ ఓర్ కంపెనీ ఏర్పడింది. ఖనిజాన్ని నీళ్లలో కలిపి గొట్టాల గుండా మంగళూరు పంపేవారు. 1987లో జాతీయ వనంగా ప్రకటించాక కూడా తవ్వకం సాగింది. భద్ర నదిలోకి మట్టి చేరుతోందన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005 చివరికల్లా ఆపేయాలని 2002లో కోర్టు చెప్పింది, ఆగిపోయింది. ఎన్నో ఉద్యోగాలు పోయాయి, నిండుగా ఉన్న కంపెనీ ఊరు బోసిపోయింది. అది చిన్న విషయమని నేననను. కానీ నది ఒడ్డున పుట్టినదాన్ని, నా పక్షం ఏదో మీకు అర్థమై ఉంటుంది.

ఫ్రెండ్స్ ఆరుగురం. పైన టెంట్ వేసుకుని రాత్రి ఉండి సూర్యోదయం చూడాలని ప్లాన్. డ్రోన్ కూడా తెస్తున్నాం. పర్మిషన్ ఎలా?
- ఒక విద్యార్థి, విజయవాడ

రాత్రి పైన ఉండనివ్వరు బాబూ. అది పులులు తిరిగే జాతీయ వనం, సాయంత్రానికి అందరూ కిందికి రావాల్సిందే. డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. రోజుకు 300 మందినే పంపుతారు. కర్ణాటక అటవీశాఖ వెబ్‌సైట్‌లో ముందే టికెట్ తీసుకోవాలి. శని, ఆదివారాలవి త్వరగా అయిపోతాయి కాబట్టి కాలేజీకి ఒక మంగళవారం ఎగ్గొట్టండి (ఈ మాట నేను చెప్పానని మీ ఇంట్లో చెప్పొద్దు). చిప్స్ ప్యాకెట్లు, వాడిపారేసే సీసాలు గేటు దగ్గరే లెక్కపెడతారు. బ్లూటూత్ స్పీకర్ తెచ్చి పాటలు పెడితే మాత్రం నాలాంటి ముసలమ్మ ఎవరైనా దారిలోనే తిడుతుంది. సూర్యోదయం ముల్లోడి హోమ్‌స్టే వాకిట్లోంచి కూడా బాగుంటుంది.

మా అత్తయ్యగారు శృంగేరి, హొరనాడు చూడాలని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఆమెకు నడక కష్టం. రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

చక్కగా కుదురుతాయి. హొరనాడు అన్నపూర్ణేశ్వరి గుడి కళసకు దగ్గరే. ముందురోజే చేరుకుని హొరనాడులో గది తీసుకోండి. మీరు కొండెక్కే రోజు ఆవిడను ఒంటరిగా వదలకుండా మీవారినో పిల్లలనో తోడు పెట్టండి. గుడిలో వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారు కాబట్టి ఆవిడ తిండి గురించి చింత లేదు. కళసలో కళసేశ్వరుడి గుడి ఉంది, మెట్లెక్కాలి, ఓపికను బట్టి చూసుకోమనండి.

కొండ దిగిన రోజే శృంగేరి బయల్దేరకండి. ఆ దారంతా మలుపులు, మీ కాళ్లు పట్టేసి ఉంటాయి. రాత్రి వేడినీళ్ల స్నానం చేసి పడుకుని, మర్నాడు ఫలహారం అయ్యాక వెళ్లండి. రెండు మూడు గంటల ప్రయాణం. శృంగేరిలో తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుంటే చేపలు గుంపులుగా వస్తాయి. అత్తయ్యగారి కోసం మరమరాలు అక్కడే కొనుక్కోవచ్చు. ఘాట్ రోడ్డులో ఆవిడకు వాంతులయ్యే అలవాటుంటే బస్సులో ముందు సీటు అడిగి తీసుకోండి, మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేయండి.